బూట్లు విప్పని ఉదయం

టెన్నిస్ కోర్టు మీద మోకాళ్లూని మేకులు కొట్టుకునేవాడికి, తల ఎత్తకుండానే ఎవరొస్తున్నారో తెలిసిపోతుంది. ఆటగత్తెలైతే మెత్తగా వస్తారు. టీవీవాళ్లయితే తీగలు ఈడ్చుకుంటూ వస్తారు. ఆ సోమవారం పొద్దున వచ్చిన అడుగుల్లో మాత్రం ఒకటి బరువుగా, ఒకటి తేలిగ్గా పడుతోంది. మధ్యలో మూడో చప్పుడొకటి ఉంది.

"హీల్స్ వేసుకుని కోర్టులోకి రాకూడదండీ," అన్నాను తల ఎత్తకుండానే.

"హీల్స్ కాదు, కర్ర. కర్రకి కూడా రూలుందా ఇక్కడ?"

తల ఎత్తాను. గంటసేపు రోలరు తిప్పి నున్నగా చేసిన ఆకుపచ్చ మట్టిలో, గేటు దగ్గర్నుంచి నా దాకా వరసగా గుండీలంత గుంటలు. వాటి చివర నోరీన్ కోవాచ్ నిలబడి ఉంది.

ఆమెకి నేను తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు. కోర్టు తుడిచేవాడి మొహం ఏ ఆటగత్తె గుర్తుపెట్టుకుంటుంది? నాకు మాత్రం ఆమె తెలుసు. పన్నెండేళ్ల క్రితం ఇదే కోర్టులో, క్వార్టర్ ఫైనల్లో, మొదటి సెట్టు గెలిచి రెండోదాంట్లో అయిదు-రెండు మీద ఉండగా సర్వీసు లైను దగ్గర ఆమె పడిపోయింది. మోకాలు పక్కకి తిరిగిపోయింది. ఇరవై రెండేళ్లకే ఆమె ఆట ముగిసింది. ఆమె కర్ర పట్టడానికి కారణం నేను. ఈ కథలో నేను దాచిపెట్టిన విషయం అదొక్కటే, మీకు ముందే చెప్పేస్తున్నాను. ఆమెకి చెప్పడానికే నాకు అయిదు రోజులు పట్టింది.

"మీరు గాడ్స్‌డెన్‌గారేనా?" అంది.

"ఆయన మా నాన్న. పోయిన డిసెంబర్లో పోయారు. నేను డెస్మండ్."

అయ్యో అంది. నిజంగానే బాధపడింది. తను యంగ్‌స్టౌన్‌లో ఒక పేపర్లో ఆటల పేజీ రాస్తుందట. మా మార్ష్ కప్‌కి ఇది నలభయ్యో ఏడు, ఆఖరి ఏడు కూడా. టోర్నమెంటు జరిపే హక్కునీ తేదీలనీ ఎక్కడో సిమెంటు కోర్టులున్న ఊరికి అమ్మేశారు. మా కోర్టుల చోట ఇళ్లు లేస్తాయి. అందుకని నిర్వాహకురాలు మిసెస్ పింక్నీ, ఫైనల్ రోజు పంచడానికి నలభై ఏళ్ల చరిత్ర ఒక చిన్న పుస్తకంగా రాయమని నోరీన్‌ని పిలిపించింది. మా నాన్న ముప్ఫై రెండేళ్లపాటు రోజూ కోర్టు డైరీ రాశాడని ఆమే చెప్పిందట.

"ఆ డైరీలు చూపిస్తారా?"

లేవు, తుఫాన్లో పోయాయి అనెయ్యొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా.

"చూపిస్తాను. ముందు మీ కర్రకి అడుగున ఏదైనా కడదాం. ఇలాగే తిరిగితే ఫైనల్ నాటికి ఇక్కడ వరి నాటుకోవచ్చు."

ఆమె నవ్వింది. పాత టెన్నిస్ బంతిని సగానికి కోసి కర్రకి తొడిగాను. అలా మొదలైంది, నా ఖర్మ.

ఆ వారమంతా పగలు ఆటలు, ఆటల మధ్య డైరీలు. కోర్టు వెనక రోలర్లు పెట్టే షెడ్డులో ఇద్దరం తిరగేసిన నీళ్ల డ్రమ్ముల మీద కూర్చుని, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ చదివేవాళ్లం. మొదటి ఏడు ఎనిమిదిమంది ఆడవాళ్లే ఆడారనీ, జనం చేపల ఐసుపెట్టెల మీద కూర్చుని చూశారనీ, కప్పు సమయానికి రాకపోతే పడవల క్లబ్బు కప్పు ఇచ్చి పంపారనీ ఆమె వేరే చోట సంపాదించుకొచ్చింది. ఎనభై తొమ్మిది తుఫాను తర్వాత సంగతి మాత్రం నాన్న డైరీలోనే దొరికింది. సెంటర్ కోర్టు మీద మోకాలి లోతు బురద, నెట్టుకి చిక్కుకున్న చేపలు. ఆరుగురు మనుషులు నాలుగు నెలలు తవ్వారు. ఆ పేజీ అడుగున నాన్న, "చేపలు తాజాగానే ఉన్నాయి" అని రాసుకున్నాడు.

"మీ నాన్నగారు నాకంటే బాగా రాస్తారు. ఇది చెప్పండి. ప్రతి పేజీలోనూ 'వట్టికాళ్లతో నడిచాం' అని ఉంది. ఏమిటది?"

చెప్పాను. మట్టి కోర్టు మీద గీతలు రంగుతో వెయ్యరు. తెల్ల టేపు పరిచి, దాని పొడవునా మేకులు దిగ్గొడతారు. రాత్రి తడికి మట్టి ఉబ్బి, ఎండకి కుంగి, మేకులు కొంచెం కొంచెం పైకి లేస్తాయి. ఎంత చూసినా కంటికి ఆనవు. అందుకని నాన్న ఒక నియమం పెట్టాడు. పొద్దున్నే సుత్తితో కొట్టాక, బూట్లు విప్పేసి, ప్రతి గీత మీదా ఈ చివర్నుంచి ఆ చివరికి నడవాలి. కళ్లని మోసం చేసిన మేకు అరికాలిని మోసం చెయ్యలేదనేవాడు.

నోరీన్ పెన్ను పక్కన పెట్టేసింది. నలభై ఏళ్లలో గెలిచినవాళ్ల పేర్లన్నీ ఎక్కడైనా దొరుకుతాయి, ఇది దొరకదు, పుస్తకం దీంతోనే మొదలవుతుంది అంది. వాళ్ల కోసం రోజూ పొద్దున ఎవరో చెప్పుల్లేకుండా నడిచారని ఆ ఆటగత్తెల్లో ఒక్కరికైనా తెలుసా అని అడిగింది. నేను వేరుశనక్కాయ తొక్కలు ఏరుతూ కూర్చున్నాను.

బుధవారానికి మా మధ్య 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. నా కాఫీని ఆమె పడవ నూనె అనేది. ఆమె కారు నడిపే తీరు చూస్తే మోకాలు ఒక్కటే పోవడం అదృష్టమని నేను అనబోయి, నాలుక కరుచుకున్నాను. ఆమె నా మొహం చూసి, "అనొచ్చులే. నా మోకాలి మీద జోకులు నేనే కనిపెట్టాను. మంచివి కొన్ని ఉన్నాయి," అంది.

ఆ రోజే తను పడిపోయిన ఏడాది డైరీ తీసింది. నేను లేచి బయటికి పోదామనుకుని, పోలేక ఇంకో గుప్పెడు శనక్కాయలు ముందేసుకున్నాను. ఏప్రిల్, గురువారం. నాన్న అక్షరాలు ఎప్పట్లాగే నిటారుగా ఉన్నాయి. 'లైన్లు చూశాం. వట్టికాళ్లతో నడిచాం. అంతా సరిగా ఉంది.'

నోరీన్ ఆ పేజీ మీద చాలాసేపు చెయ్యి ఆనించి ఉంచింది.

"విచారణలోనూ ఇదే తేలింది. కోర్టు తప్పేం లేదన్నారు. మా కోచ్ అయితే, పదిహేనో ఏటినుంచీ చెప్తున్నాను నీ కాలు తప్పుగా వేస్తావని, ఇదిగో చూడు అన్నాడు. మా నాన్నా అదే అన్నాడు. పన్నెండేళ్లుగా ఆ అడుగు నిద్రలో కూడా వేసి చూసుకుంటున్నాను, డెస్. ఎక్కడ తప్పు వేశానో ఇప్పటికీ దొరకలేదు."

నోరీన్ ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. ఆమె ఆటే కదా పోయింది, దానికి ఆమెకి చాలా డబ్బు వచ్చి ఉంటుంది, పెళ్లయిపోయి ఉంటుంది, సుఖంగా ఉంటుంది అని నాకు నేను చెప్పుకున్నవన్నీ ఆ షెడ్డులో ఒక్కసారిగా కూలిపోయాయి. నేను ఆమె మోకాలు మాత్రమే తియ్యలేదు. ఆమె కాలి మీద ఆమెకున్న నమ్మకాన్ని తీసేశాను.

శుక్రవారం సెమీఫైనల్ మధ్యలో వాన కురిసింది. మా ద్వీపంలో ఏప్రిల్ వాన చెప్పి రాదు. పరుగెత్తి కోర్టుకి టార్పాలిన్ పట్టాలు కప్పి, తడిసి ముద్దై షెడ్డులోకి వచ్చేసరికి నోరీన్ ఒక తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది. నా నెత్తిమీద వేసి, తల తుడవబోయి, మధ్యలో ఆగిపోయింది. చెయ్యి మాత్రం తియ్యలేదు.

"ఒకటి అడుగుతాను. ఆ ఏడు నేను ఏ రాకెట్‌తో ఆడానో నీకు తెలుసు. జడకి ఆకుపచ్చ రిబ్బను కట్టుకునేదాన్నని తెలుసు. మా అమ్మక్కూడా గుర్తులేదది. నీకెందుకు గుర్తుంది?"

ఆ కళ్లలో ఉన్నది నాకు అర్థమైంది. ఇంకో రెండు మాటలు తియ్యగా చెబితే చాలు, నేను పన్నెండేళ్లుగా కలగన్నది నా చేతికొస్తుంది. ఆ రెండు మాటలూ నిజమే కూడా. కానీ వాటి వెనకున్నది చెప్పకుండా వాటిని చెప్పడమంటే, ఆమెని రెండోసారి పడెయ్యడమే.

"ఆ గురువారం పొద్దున నువ్వు కోర్టు అటు చివర సర్వీసు ప్రాక్టీసు చేసుకుంటున్నావు. ఇటు చివర లైన్లు నడవాల్సింది నేను," అన్నాను.

ఆమె చెయ్యి నా తల మీదే ఉంది.

"నా కాళ్లు ఎప్పుడూ పగిలి, మట్టి పట్టి, చూడ్డానికి అసహ్యంగా ఉండేవి. నువ్వు చూస్తావని సిగ్గేసింది. బూట్లు విప్పలేదు. బూట్లతోనే నడిచేశాను."

వాన రేకుల మీద దంచుతోంది. ఆమె చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

"మేకు లేచి ఉందా?"

"సర్వీసు లైను మీద. నీ బూటు దానికే తగిలింది. నిన్ను స్ట్రెచర్ మీద ఎత్తుతుంటే నాన్న దాన్ని చూశాడు. వంగి, పీకి, జేబులో వేసుకున్నాడు. రెఫరీ వచ్చి చూసేసరికి లైను చదునుగా ఉంది. ఇంటికెళ్లాక అడిగాడు, చెప్పాను. డైరీలో ఆ ముక్క నాకోసం రాశాడు. ఆయన ముప్ఫై రెండేళ్లలో రాసిన అబద్ధం అదొక్కటే."

నాన్న పోయే ముందు రోజు ఆస్పత్రిలో ఆ మేకు నా చేతిలో పెట్టి, ఇది నీది అన్నాడు. ఇంకేం అనలేదు. అప్పట్నుంచీ అది నా జేబులోనే ఉంది. తీసి నోరీన్ ముందు పెట్టాను. వేలెడంత మేకు, తల తుప్పు పట్టి ఉంది.

"ఈ అయిదు రోజులూ, ఆ డైరీ నేను చదువుతుంటే, నా పక్కనే కూర్చుని శనక్కాయలు ఒలిచావు," అంది.

ఒలిచాను. ఆమె మేకు తీసుకుని, కర్ర తీసుకుని, ఆ వానలోనే వెళ్లిపోయింది. ఆమె గేటు దాకా చేరడానికి చాలాసేపు పట్టింది. వెనకాలే వెళ్లి గొడుగు పట్టే హక్కు కూడా నాకు లేదు.

వాన తగ్గాక మిసెస్ పింక్నీ గదికి వెళ్లి అంతా చెప్పాను. డెబ్భై ఏళ్ల ఆ పెద్దావిడ కళ్లజోడు తీసి తుడిచి, "హెరొల్డ్ ఇలా చేశాడా," అంది. నన్ను తిట్టలేదు. నాన్న పేరు పలికిన తీరే నాకు శిక్షగా చాలింది. ఫైనల్ దాకా కోర్టు చూసుకునేవాడు ఇంకొకడు లేడు కాబట్టి ఆదివారం సాయంత్రం దాకా ఉండమంది.

శనివారం నోరీన్ రాలేదు. హోటల్లో ఉందో, ఊరెళ్లిపోయిందో కూడా తెలియదు. షెడ్డులో డ్రమ్ము మీద ఆమె కూర్చున్న చోటు ఖాళీగా ఉంటే, నేను నిలబడే శనక్కాయలు తిన్నాను. నిజం చెప్పేస్తే గుండె తేలికవుతుందంటారు. నాకేమీ తేలిక కాలేదు. పన్నెండేళ్లు నేను మోసింది ఇప్పుడు ఆమె కూడా మోస్తోంది, అంతే.

ఆదివారం పొద్దున ఆరున్నరకి, ఆఖరిసారి కోర్టు నడవడానికి బూట్లు విప్పాను. ఇటు సగం అయింది. నెట్టు దాటి అటు సగానికి వెళ్లబోతుంటే గేటు దగ్గర ఆ మూడు చప్పుళ్లూ వినిపించాయి.

నోరీన్ చేతిలో ప్రెస్సు నుంచి అప్పుడే వచ్చిన పుస్తకం ఉంది. వేలు పెట్టి ఉంచిన పేజీ తెరిచి నాకిచ్చింది. రెండు రాత్రులు నిద్రపోని మనిషి మొహం.

'ఇరవై ఎనిమిదో ఏడు, క్వార్టర్ ఫైనల్' అని ఉంది. 'సర్వీసు లైను మేకు పైకి లేచి ఉంది. ఆటగత్తె అడుగు సరిగానే పడింది. ఆ ఉదయం ఆ లైను నడిచింది డెస్మండ్ గాడ్స్‌డెన్. బూట్లతో నడిచాడు. హెరొల్డ్ గాడ్స్‌డెన్ దాన్ని దాచాడు. బూట్లు ఎందుకు విప్పలేదో కొడుకు నాకు చెప్పాడు. ఆ కారణం ఈ చరిత్రలోకి రాదు. అది నాది.'

ఆఖరి రెండు మాటల దగ్గర అక్షరాలు అలుక్కుపోయాయి. అచ్చు బాగానే ఉంది, నా కళ్లే.

"క్షమించానని కాదు. అది నాకింకా తెలియదు. నిన్న రోజంతా నిన్ను తిట్టుకున్నాను. మీ నాన్నని ఇంకా ఎక్కువ తిట్టుకున్నాను. సాయంత్రానికి ఒకటి గమనించాను. ఆ అడుగు మళ్లీ వేసి చూసుకోలేదు. పన్నెండేళ్లలో మొదటి రోజు," అంది.

నేను ఏదో అనబోయాను. చేత్తో ఆపింది. లైన్‌మన్ కుర్చీలో కూర్చుని, కర్ర పక్కన పెట్టి, వంగి ముందు ఎడమ బూటు విప్పింది. కుడిది విప్పడానికి మోకాలు సహకరించలేదు. నా వైపు చూసింది. వెళ్లి, కింద కూర్చుని, లేసు విప్పాను. ఆమె పాదం మీద కూడా పాత కాయలున్నాయి, పగుళ్లున్నాయి. ఆటగత్తె పాదాలు ఇంకెలా ఉంటాయి? ఆ సంగతి నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు తట్టి ఉంటే ఎంత బాగుండేది.

"అటు సగం నేను నడుస్తాను. నీ బూట్ల మీద నాకు నమ్మకం లేదు," అంది.

కర్ర తీసుకోలేదు. నా భుజం పట్టుకుంది. బేస్‌లైను నడిచాం, పక్క గీత నడిచాం. పొద్దుటి మట్టి చల్లగా ఉంది. సర్వీసు లైను దగ్గరికి వచ్చేసరికి ఆమె వేళ్లు నా భుజంలో దిగబడ్డాయి. అయినా ఆగలేదు. ఒక్కో అడుగూ పూర్తిగా ఆనించి, బరువంతా వేసి చూసుకుంటూ నడిచింది. గీత మధ్యలో నిలబడిపోయింది.

"ఇక్కడొకటి ఉంది."

వంగి చూశాను. నా కంటికి ఏమీ కనిపించలేదు. చేత్తో తడిమితే, నిజంగానే, వెంట్రుకంత లేచి ఉంది. సుత్తి తీసుకుని మోకాళ్లమీద కూర్చున్నాను. మొదటి దెబ్బ గురి తప్పి టేపు మీద పడింది.

"నిదానంగా కొట్టు డెస్," అంది నోరీన్, నా భుజం వదలకుండా. "ఆటకింకా చాలా టైముంది."