నీలం చొక్కా ప్రార్థన

పత్తికొండ టమాటా మార్కెట్టులో పది మంది ముందర యేసుప్రసాదు నోరు జారినాడు. అంతే, ఇంట్లో మాటలు నిలిచిపాయ.

జరిగింది ఏమంటే, వాళ్లకు పెండ్లయి ఐదు నెల్లు. మంగళవారం కాయలు దించేదానికి కొత్త పెండ్లాం కృపారాణి గూడా మొగునితో వచ్చింది. బాగా పండినవి బాక్సు అడుగున ఎయ్యొద్దయ్యా, నలుగుతాయి అనింది. మంచి మాటే. కానీ పక్కన కాయలు కొనే మండీ బసవరాజు నిలబడి ఉండాడు. ఆయన ముందర పెండ్లాం చెప్తే వినేదెట్ల?

"నీకేం తెల్సే, గమ్మునుండు" అనేసినాడు ప్రసాదు.

బసవరాజు నవ్వె. ఆయన్ను చూసి హమాలీలు నవ్విరి. కృపారాణి మాత్రం గమ్మునయింది. బాక్సు వంచితే అడుగు కాయలన్నీ రసమే. అప్పుడు గూడా ఆయమ్మ ఒక్క మాట అనల్యా. తిట్టింటే బాగుండు అనిపించె ప్రసాదుకు.

ఆ పొద్దు నుంచి తట్టలో సంగటి ముద్ద పడతాంది గానీ చెవిలో మాట పడడం ల్యా. మర్నాటికి గోడ వారన సంచి ఒకటి తయారైంది. శనివారం బస్సెక్కి కోయిలకుంట్లకు, పుట్టింటికి పోతాందంట. ఆ సంగతి గూడా వీనికి చెప్పింది, వాళ్లతోనే ఉండే ప్రసాదు అవ్వ జ్ఞానమణి. మళ్లీ ఎప్పుడొస్తాదో అవ్వకూ తెలీదు. ప్రసాదు మాటిమాటికీ ఆ సంచి దిక్కే సూసినాడు. అయినా మొగోడు పెండ్లానికి సారీ చెప్పేదేంది?

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండాది. కొట్లాట ఎంత పెద్దదైనా పొద్దు గూకినాక ముగ్గురూ మోకాళ్లూనాల, వాక్యం చదవాల, అందరూ గట్టిగా ప్రార్థన చెయ్యాల. కత అంతా ఆడనే నడిచె.

మొదటి దినం ప్రసాదు వంతు. వెదికి వెదికి, భార్య మొగునికి లోబడాలనే మాట చదివి టక్కన పుస్తకం మూసినాడు. మర్నాడు కృపారాణి ఆయప్ప నిలిపిన కాడి నుంచే అందుకొనింది. సంఘం కోసరం ప్రభువు ప్రాణం పెట్టినట్ల మొగుడు పెండ్లాన్ని ప్రేమించాలనే భాగం రెండు తూర్లు చదివింది. అవ్వకు చెవులు మందం కదా అని మూడోతూరి గూడా.

మూడో దినం ప్రసాదు గొంతు సవరించుకొన్నాడు. "ప్రభువా, నా నీలం చొక్కా నిన్నటి నుంచి కనపడల్యా. ఈ ఇంట్లో అది యాడుండాదో తెల్సినోళ్ల మనసు మెత్తన చెయ్యి."

కృపారాణి కండ్లు తెరవకుండానే, "తండ్రీ, నోరుండేది మార్కెట్టులో అరిచేదానికే కాదు, ఇంట్లో అడిగేదానికి గూడా అని కొందరికి నేర్పించు. ఆమెన్" అనింది.

అవ్వ ఆమెన్ అనల్యా. మోకాలు పట్టుకొని లేసి మంచం మీద కూచునింది.

"దేవుడేమన్నా మీ ఇద్దరి మధ్య సెల్ ఫోనా? రేపు మార్చండి. వాని ప్రార్థన ఈ పిల్ల చెయ్యాల, ఈ పిల్లది వాడు చెయ్యాల. ల్యాకుంటే నాకు ముద్ద వద్దు."

అవ్వ మొండిదని ఇద్దరికీ తెల్సు.

మర్నాడు చేన్లో నీళ్లు కడతా ప్రసాదు పొద్దంతా తల గోక్కున్నాడు. ఈ పిల్ల దేవున్ని ఏమడుగుతాది? అప్పుడు తట్టింది వానికి. మార్కెట్టులో అందరి నవ్వు విన్నాడు గానీ, ఆ నవ్వులో ఆయమ్మ మొకం ఎట్లుండెనో సూడనే ల్యా.

మాపటేల మోకాళ్లూనినారు.

"ప్రభువా, నేను కృపారాణిని" అని మొదలుపెట్టినాడు. అవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకొనింది. "అమ్మను ఇడిసి వచ్చి ఐదు నెల్లాయ. మొగుని మేలు కోరి ఒక మాట చెప్తే, పది మందిలో నన్ను తక్కువ చేసె. నాకు..."

ఆడికి ఆపి, కండ్లు తెరిచి కృపారాణి మొకం సూసినాడు.

"ఇంగ నా వల్ల కాదు ప్రభువా. ఇది ప్రసాదునే మాట్లాడతాండా. నువ్వు ప్రాణమే ఇస్తివి. నేను సారీ అనే ఒక్క మాట ఇయ్యలేకపోతి."

అప్పుడు కృపారాణి ముక్కు తుడుచుకొని, "ప్రభువా, నేను యేసుప్రసాదును" అనింది. "సారీ చెప్తే మీసం రాలిపోతాదేమోనని నాకు బయం. ఆ బయం తీసెయ్యి. నా పెండ్లానికి గూడా పొగరు తక్కువేం కాదు, నాలుగు దినాలు మాట్లాడకుండా సంపింది. ఆమెను గూడా రవ్వంత మార్చు."

అవ్వ ఆమెన్ వీధిలోకి వినపడె.

శనివారం సంచి బండి మీద పెట్టుకొని బయలుదేరిరి. బస్టాండు కాడ తిరగాల్సిన బండి మార్కెట్టు దిక్కు తిరిగె. యాడికని అడిగితే, పనుండాది అన్నాడు ప్రసాదు.

బసవరాజు ఆడనే ఉండాడు, హమాలీలూ ఉండారు.

"అన్నా, ఆ పొద్దు మా ఇంటామె చెప్పిందే రైటు. అందరి ముందర తప్పు మాట అంటి, అందరి ముందరే చెప్తాండా. సారీ కృపా."

"ఏమప్పా, పెండ్లానికి బయపడితివే" అని నవ్వె బసవరాజు.

ప్రసాదు మీసం తడిమి సూసుకొన్నాడు. "రాలల్యా అన్నా, ఈడనే ఉండాది."

బసవరాజుకు అర్థం కాల్యా. కృపారాణి మాత్రం కొంగు కప్పుకొని పకపకా నవ్వె. ఆ నవ్వు విని నాలుగు దినాలాయ.

సన్నగా తుంపర మొదలాయ. బస్టాండులో సంచి అందిస్తా, ఎప్పుడొస్తావని నిదానంగా అడిగినాడు.

"సంచి తెరువు" అనింది.

రెండు చీరల కింద, ఇస్త్రీ మడతలో నీలం చొక్కా.

"రేపు మా ఊరి చర్చిలో కొత్త జంటల్ని ముందరికి పిలిచి ప్రార్థన చేస్తారు. నిన్ను గూడా పిలుచుకపోదామని బుధవారమే పెట్టినా. నువ్వు అడగల్యా."

"చొక్కా యాడని అడిగినా కదా."

"దేవున్ని అడిగితివి. నన్ను అడగల్యా."

ప్రసాదు బండిని పక్కనుండే టీ కొట్టాయన కాడ పెట్టి, వానకు తడిసి, పరిగెత్తి బస్సెక్కినాడు. కృపారాణి సీటు కాడ నిలబడి, ఆయమ్మ చెవి కాడికి వంగి అడిగినాడు.

"కృపా, నేనూ రావచ్చునా?"

ఆయమ్మ కిటికీ పక్కకు జరిగి వానికి జాగా ఇచ్చి, "ఆమెన్" అనింది.