ముప్పై డిగ్రీల వంపు

ఉప్పల్ మలుపులో తిరుపతి చచ్చిపోయి తొమ్మిది రోజులైంది. కాన్వాయ్ ముందు నడిచే పైలట్ బైక్ రైడర్ అతను. కారణం అతివేగమని ఫైల్‌లో రాసి చేతులు దులుపుకున్నారు. అది చదివిన సీక్రెట్ ఏజెంట్ బిక్షపతికి ఒళ్లు మండిపోయింది.

"వేగం కాదు, టైరు," అన్నాడు చీఫ్ ఫణీంద్ర. "విదేశీ ముఠా డిజైన్. మధ్యలో మంచి రబ్బరు, అంచుల్లో జారే రబ్బరు. నేరుగా పోతే ఢోకా లేదు. మలుపులో బండి ముప్పై డిగ్రీలు వంగితే బరువు అంచు మీద పడుతుంది. అంతే సంగతులు. ఇవాళ పదకొండుకి అదే మలుపులో మిసైల్ సైంటిస్ట్ కాన్వాయ్. బైకులకి అవే టైర్లు. బైకులు పడితే కారు ఆగుతుంది. ఆగితే కాల్చేస్తారు."

"ముందు బండి ఎవరిది సార్?"

"సంతోషిది. తిరుపతి చెల్లెలు."

"టైర్లు టెస్ట్ జేసిందెవరు?"

"బండ్ల ఆఫీసర్ హృషికేశ్. కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి, నేరుగా పది గజాలు నడిపించి సంతకం పెట్టాడు."

"గదా టెస్టు? సిగ్గుండాలె."

"రుజువు లేకుండా కాన్వాయ్ ఆపరు. గీతికను కలువు."

నాచారం టైర్ల గోదాంలోకి బిక్షపతి హమాలీ వేషంలో దూరాడు. నల్లకళ్లద్దాల గీతిక ముఠాకు డిజైనర్, మనకు ఇన్‌ఫార్మర్.

"గాలి ఎంత?" కోడ్ అడిగింది.

"ముప్పై రెండు."

ఆమె చూపిన టైరులో రబ్బరు గట్టిదనం కొలిచే పెన్నులాంటి మీటర్ గుచ్చాడు. మధ్యలో అరవై. అంచున తొంభై, చెక్కంత గట్టి.

"ముందే ఎందుకు చెప్పలే?"

"చెబితే నన్ను చంపేసేవాళ్లండీ."

"తిరుపతిని సంపిన్రు గద."

గీతిక తల దించుకుంది. "మలుపు అవతల తెల్ల వ్యాన్‌లో నలుగురున్నారు. కాన్వాయ్ వైర్‌లెస్ జామ్ చేశారు."

టైమ్ పది యాభై రెండు. వ్యాన్ సంగతి చీఫ్‌కి మెసేజ్ కొట్టి, పాత టైర్లున్న గూడ్స్ ఆటో ఎక్కాడు. మలుపుకి ముందే ఆటో అడ్డం పెట్టి, టైర్లన్నీ రోడ్డు మీదికి తన్నేశాడు. సైరన్‌తో దూసుకొచ్చిన సంతోషి బ్రేక్ కొట్టింది. బండి నిటారుగా ఉంది కాబట్టి పట్టు తప్పలేదు. జానెడు దూరంలో ఆగింది. వెనక కాన్వాయ్ కూడా ఆగింది. మలుపు అవతల చీఫ్ పంపిన కమాండోలు వ్యాన్‌ను చుట్టుముట్టారు.

"ఎవడ్రా నువ్వు?" హెల్మెట్ తీసింది సంతోషి.

"బండి వంచితే మీ అన్న తీర్గనే అయితుండె, బిడ్డా." ఆమె టైరు అంచున మీటర్ గుచ్చి చూపించాడు. తొంభై.

"మా అన్న స్పీడ్ పోలేదని తొమ్మిది దినాల సంది మొత్తుకుంటున్న," అంది ఏడుస్తూ. "ఒక్కడన్న ఇనలే."

వెనక జీపులోంచి హృషికేశ్ దిగాడు. "టైర్లు మంచిగనే ఉన్నయ్. నేనే సూసిన."

బిక్షపతి బైకు తాళం ఆయన చేతిలో పెట్టాడు. "అయితే గీ మలుపు మీరే తిప్పుండ్రి సార్. అరవై స్పీడ్ల."

హృషికేశ్ మలుపు చూశాడు, టైరు చూశాడు, తాళం తిరిగిచ్చేశాడు. సంతోషి కాగితం ముందు పెడితే, రైడర్ తప్పు లేదని జీపు బానెట్ మీదే రాసిచ్చాడు.

హృషికేశ్ మళ్లీ జీపు ఎక్కకుండా ఆఫీసుకి ఆటోలో వెళ్లాడు. మలుపు దగ్గర మెల్లగా పోనియ్యమని డ్రైవర్‌కి రెండుసార్లు చెప్పాడట.