ఇద్దరి తోటలూ తెల్లబడిన రోజు

ఆ ఉదయం వెదురుపుట్టులో వాన గాసన్న కాఫీ తోటలో మాత్రమే కురిసింది. కంచె లోపల జోరు వాన, కంచె ఇవతల చుక్క లేదు. పక్కింటివాళ్ళు కళ్ళంలో ఆరబోసిన గింజల్ని తీరిగ్గా కాళ్ళతో కెలుకుతున్నారే తప్ప ఒక్కరూ తలెత్తి చూడలేదు. తోట పైన మబ్బు ముక్క గుంజకు కట్టేసిన గేదెలా ఉన్నచోటే నిలబడి కురుస్తోంది.

దాన్నక్కడ కట్టేసింది సోంబారి. కొండ నెత్తిన చిన్న గదిలో కూర్చుని, వానపలక మీద వేలు జరిపి గాసన్న వాన ఆపేసింది. మబ్బు చుట్టూ గాలిలో తేలుతూ కాపు కాస్తున్న తేలుబుడ్డలు దాన్ని మెల్లగా తోలుకుంటూ మబ్బును పట్టి ఉంచే మంచువలల దగ్గరకు తీసుకొచ్చాయి. ఆ వలలూ, బుడ్డలూ, పలకా కలిపితే మబ్బుకాడి. ఎద్దుల మెడ మీద కాడి వేసినట్టు మబ్బు మెడ మీద కాడి వేశారని ఊరివాళ్ళే ఆ పేరు పెట్టుకున్నారు. చూడవచ్చిన పై ఊళ్ళవాళ్ళతో సోంబారి గొప్పగా చెప్పేది, "వాన మా ఊరు రాదండి, మా ఊళ్ళో పని సేత్తాది" అని.

గొప్ప చెప్పుకోవడంలో తప్పు లేదు. కాఫీ మొక్క ఎండకు మొగ్గ ముడుచుకుని, ఒక్క మంచి వాన పడితే కొండంతా ఒకేసారి పూస్తుంది. ఒకేసారి పూసింది ఒకేసారి పండుతుంది. పండు కోసిన రోజే తోలు ఒలవాలి, లేకపోతే పులిసిపోతుంది. ఊరికున్నది ఒక్కటే ఒలుపుడు మిల్లు. పూర్వం దాని ముందు ఎంత పంట కుళ్ళిందో చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. మబ్బుకాడి వచ్చాక ఒక తోట పూత రాలితేగానీ మరో తోటకు వాన పడదు. ఏడాది పొడుగునా ఒకరి తోట పూస్తుంది, ఒకరిది పండుతుంది. గింజ పాడైందన్న మాట ఊళ్ళో వినిపించడం మానేసింది.

దాంతోపాటు ఇంకొకటి కూడా వినిపించడం మానేసింది. అదేమిటో ఊరికి చాలాకాలం తెలియలేదు.

వెదురుపుట్టులో తెల్లరోజులని ఉండేవి. కొండంతా తెల్లగా పూసిన ఆ కొద్ది రోజులూ తోటలోకి ఎవరూ అడుగుపెట్టరు, పూత రాలుతుందని. పని లేక అందరూ అరుగుల మీదే ఉండేవారు. మాటామంతీ మానుకున్నవాళ్ళు కలిసేది అప్పుడే. ఇద్దరి తోటలూ తెల్లగా ఉండగా ఒకరు రెండోవారి గడప తొక్కితే, ఎవరూ తగ్గినట్టు కాదు, ఎవరూ నెగ్గినట్టు కాదు. మిగతా రోజుల్లో ముందు వెళ్ళినవాళ్ళది ఓటమి. మబ్బుకాడి పెట్టేటప్పుడు వచ్చిన ఇంజనీర్లు నేల గురించి అడిగారు, గాలి గురించి అడిగారు, తేనెటీగల గురించి కూడా అడిగారు. ఊరివాళ్ళు అన్నీ చెప్పారు. తెల్లరోజుల సంగతి వాళ్ళూ అడగలేదు, వీళ్ళూ చెప్పలేదు. కోపాలు తీరడం కూడా వాన చేసే పనేనని ఎవరికి తడుతుంది!

సోంబారికి మాత్రం ఈ మధ్యే తట్టింది. మబ్బుకాడి వచ్చిన ఏడాది ఆమె అక్క బుద్రి, మొదటి వాన తన తోటలో వేయమంది. సొంత అక్కకు ముందేస్తే ఊరు ఏమంటుందోనని సోంబారి ఆమె వంతు ఆఖరున పెట్టింది. "నలుగురి ముందూ నన్ను ఎనక్కి తోసినాది" అని బుద్రి మొహం తిప్పుకుంది. ఆనాటి నుంచి అక్కచెల్లెళ్ళకు మాటల్లేవు. ఇద్దరి తోటలూ పక్కపక్కనే ఉన్నా, ఒకటి తెల్లబడేసరికి రెండోది ఆకుపచ్చగానే ఉంటోంది.

మధ్యాహ్నం మాలతి కొండెక్కి వచ్చింది. బుద్రి కూతురు. సోంబారి భుజాల మీద ఎక్కి పెరిగిన పిల్ల.

"నా పెల్లి కుదిరింది పిన్నీ. మా తోట కోతలయ్యాక."

సోంబారి మొహం వెలిగి, అంతలోనే ముడుచుకుంది. "మీయమ్మ నన్ను పిలుత్తాదేటి?"

"పిలవదు. ముందు నానెల్లనంటాది. నువ్వూ రావు. నాకు పసుపు రాసీది ఎవులు మరి?" మాలతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఒక్క వాన పిన్నీ. మీ తోట మీద, మా తోట మీద, ఒకే పాలి."

"రెండూ ఒకేసారి పండితే మిల్లు ఒలవలేదే. ఒకరి పండు పులిసిపోతాది."

"పులవనీ."

పిల్ల దిగి వెళ్ళిపోయింది. సోంబారి పలక మీద వంతుల వరస తీసి చూసింది. గాసన్న తర్వాత వంతు తన తోటదే. బుద్రి వంతు ఇంకా రావాలి, కానీ మొగ్గలు అప్పుడే ముదిరి ఉన్నాయి. ఇంతకాలం వరస తప్పని మనిషి ఆమె. ఆ వరసే మేనకోడలి పెళ్ళిని మింగేస్తుంటే చూస్తూ ఊరుకోవడానికి మనసొప్పలేదు. మిల్లు దగ్గర తన పండే ఆగుతుంది, పులిస్తే తనదే పులుస్తుంది అనుకుని, గాసన్న పూత రాలగానే రెండు తోటల మీదా వేలు పెట్టింది.

మార్పుకు కారణం చెప్పమంది పలక. తెగులు, గాలి, కూలీల కొరత అని చూపించింది. ఏదీ కాదు. సోంబారి 'అప్ప' అని, అక్కను తను పిలిచే మాటే రాసింది. పలక కాసేపు తిరిగి తిరిగి, ఆ మాటను తెగుళ్ళ వరసలో కొత్త పేరుగా చేర్చుకుని, వాన వదిలింది.

వానకు మొగ్గలు ఉబ్బి, కొద్ది రోజులకే రెండు తోటలూ కలిసి తెల్లబడ్డాయి. నడుమ కంచె కూడా పువ్వుల్లో కనబడలేదు. మల్లెల్లాంటి ఆ వాసన పీలుస్తూ సోంబారి అరుగు మీద కూర్చుంది. అక్క రాలేదు. మర్నాడూ రాలేదు. పువ్వుల అంచులు గోధుమరంగు తిరిగిన పొద్దున, ఇక ఆగలేక లేచి నడిచింది.

బుద్రి గుమ్మంలోనే ఉంది. పక్కకు జరగలేదు.

"ఎవులిదే ఆ వాన?"

మబ్బుకాడి పొరపాటని ఒక్క మాట అంటే సరిపోయేది. ఊరంతా నమ్మేది. తెల్లరోజు మర్యాద తెల్లరోజుకు దక్కేది. కానీ సోంబారి నోట ఆ అబద్ధం రాలేదు.

"నాదే అప్పా."

"కొండ తనంతట ఏసింది కాదా?"

"కాదు. నానే ఏసినాను."

"అలగయితే ఇది తెల్లరోజు కాదు. నా తోట తడిసిన్నాడే నువ్వు నా గడప తొక్కేసినావు. ముందొచ్చింది నువ్వే."

సోంబారికి అప్పుడు అర్థమైంది. పూర్వం వాన ఎవరిదీ కాదు, కాబట్టి ఎవరూ తగ్గనక్కర్లేకపోయింది. ఇప్పుడు ప్రతి వానకూ వేసిన చెయ్యి ఒకటుంటుంది. ఎన్ని తోటలు కలిసి తెల్లబడినా, దాక్కోవడానికి మబ్బు చాటు ఇక లేదు. తల కొట్టేసినట్టవుతుందనుకుంది కానీ, విచిత్రంగా ప్రాణం తేలికపడింది.

"ఔను. నానే ముందొచ్చినాను. ఊరందరికీ సెప్పుకో."

బుద్రి గుమ్మంలోంచి పక్కకు జరిగింది. "పువ్వు పూసిన కాడ్నుంచీ తలుపు తీసే ఉంచినాను. ఇన్నాళ్ళు ఏటి సేసినావే, ముండా!" అంటూ చెల్లెల్ని చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. కాసేపు ఇద్దరూ ఏడ్చారు. పొయ్యి మీద కాఫీ పొంగి నేలపాలైంది. కళ్ళు తుడుచుకుంటూ బుద్రి అంది, "పెల్లి రోజున మాత్రం వాన ఎయ్యకే తల్లీ."

మర్నాడు సోంబారి గదికి చేరేసరికి గుమ్మం ముందు గాసన్న నిలబడి ఉన్నాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మల్లీ పాలి నా తోటకీ, ఆ లైకోను గాడి తోటకీ ఒకేపాలి ఎయ్యగలవా?" జీలుగు చెట్టు కల్లు దగ్గర పోట్లాడుకుని ఏళ్ళుగా ఎడమొహం పెడమొహంగా ఉన్నారిద్దరూ.

"ఏత్తాను. మరి అడిగింది నువ్వేనని లైకోను బావకి సెప్తాను. ఒప్పుకుంటావా?"

గాసన్న నెత్తి గోక్కున్నాడు. కింద తోటల వంక చూశాడు. "సెప్పు," అన్నాడు చివరికి.

అతని వెనక మరో ఇద్దరు కొండెక్కుతూ కనిపించారు. సాయంత్రానికి వానపలక ఎర్రగా మెరుస్తూ హెచ్చరించింది: అప్ప తెగులు ఊరంతా పాకుతోంది, వెంటనే అరికట్టండి. సోంబారి చదివి, కొంగుతో పలక మీది తడి తుడిచి, తర్వాతి వాన వదిలింది.