ఆకురాయి ఉలి

"తీసుకుపొమ్మను! ఇయ్యాలే తీసుకుపొమ్మను ఆ మిషనుని! ఇంటి కోడలి రక్తం కళ్లచూసినాక ఇంకేటి కబుర్లు?"

మొగుడు సింహాచలం అరుపుకి బిలాస్‌పూర్ తోర్వాలోని ఆ చిన్న ఇల్లంతా దద్దరిల్లింది. వంటింట్లో పొయ్యి మీద పప్పు పొంగి మంటలో పడుతున్నా చిన్నతల్లి కదల్లేదు. గదిలో మంచం చివర, ఎడమ కనుబొమ్మ మీద తెల్లటి కట్టుతో, తల వంచుకుని కూర్చుంది కోడలు జ్యోతిర్మయి. వెంట్రుకవాసిలో తప్పింది! ఇంకాస్త కిందకి తగిలి ఉంటే కన్నే పోయేదని నిన్న ఆస్పత్రిలో డాక్టరు చెప్పినప్పటినుంచీ చిన్నతల్లి గుండె గుండెలో లేదు. వెనక వరండాలో, పాత దుప్పటి కింద ఉంది ఆ లేత్... కర్రని గిర్రున తిప్పుతుంటే ఉలితో చెక్కే మిషను. ఇంటికొచ్చి నెల తిరగలేదు. అంతలోనే ఇంత పని!

అమ్మిన రాంప్రసాద్ మంచివాడు. ఫర్నిచర్ దుకాణం మూసేస్తూ, "నెలలోపు వద్దనుకుంటే చెప్పండి అమ్మాజీ, వెనక్కి తీసుకుంటాను" అని మాటిచ్చాడు. ఆ గడువు ఈ రోజుతో సరి. పొద్దున్నే అతనికి ఫోన్ చేసి రమ్మన్నది చిన్నతల్లే. ఈ రోజు దాటితే అది మళ్లీ ఎవరూ కొనని సరుకు. చిన్నతల్లి అప్పడాలు చేయించి కాలనీ ఇళ్లకి అమ్మే మనిషి. ఏ సంగతైనా ఇటు ఎంత, అటు ఎంత అని తూచకుండా అడుగు వేయదు. ఒక పక్క ఇనప మిషను, ఇంకో పక్క కోడలి కన్ను! ఇందులో తూచడానికి ఏముంది?

ఫోన్ మోగింది. కొడుకు రాజేంద్ర. కర్గీ రోడ్డు స్టేషన్లో పాయింట్స్‌మన్. నిన్న ఆస్పత్రికి పరుగెత్తుకొచ్చి, రాత్రి డ్యూటీకి మళ్లీ వెళ్లిపోయాడు.

"అమ్మా, రాంప్రసాద్ అంకుల్ వచ్చాడా? మషీన్ వాపస్ కర్ దో, బస్! నేను డ్యూటీ దిగి వచ్చేసరికి అది ఇంట్లో ఉండకూడదు."

"నీ పెళ్లాన్ని ఒక్క మాట అడిగినావేటిరా?"

"అడిగానమ్మా. అచ్ఛా అంది."

అచ్ఛా! సరే అనే ఆ మాటంటే చిన్నతల్లికి భయం. రెండేళ్ల కిందట ఏడో నెలలో కడుపు పోయాక, జ్యోతిర్మయి నోటినుంచి ఆ ఇంట్లో వినిపించింది ఆ ఒక్క మాటే. అన్నం తింటావా అంటే అచ్ఛా. మీ నాన్న దగ్గరికి వెళ్లొస్తావా అంటే అచ్ఛా. మందులూ మొక్కులూ ఏవీ పనిచేయలేదు. పాతికేళ్ల పిల్ల కళ్లముందే మూగదైపోయింది...

అలాంటిది, ఒక మధ్యాహ్నం అప్పడాలు ఒత్తే ఆడవాళ్లు, బజారు కర్రలతో అప్పడం అంచులు పల్చగా నడుమ మందంగా వస్తోందని గోల పెడుతుంటే, ఈ పిల్ల వచ్చి ఒక కర్రని చేతిలోకి తీసుకుంది. వేళ్లతో నెమ్మదిగా తడిమి, "దీన్ని సరిగ్గా తిప్పలేదత్తా, నడుమ పల్లంగా ఉండిపోయింది" అంది! ఆ రోజు చిన్నతల్లి పిండి చేతులతోనే దేవుడి పటానికి దణ్ణం పెట్టుకుంది. మంచి కర్రలు తనే తిప్పుతానని పిల్ల అంటే, ఆ లేత్ కొనిపెట్టింది.

జ్యోతిర్మయి తండ్రి అప్పలకొండ విశాఖ పక్కన లక్క బొమ్మలు చేసే మనిషి. ఆ ఇళ్లలో ఆడపిల్లలు లక్క అద్దుతారు, మొగలి ఆకుతో రుద్ది మెరుపు తెస్తారు గానీ లేత్ ముందు కూర్చోరు. పదేళ్లు పక్కన నిలబడి చూసిన పనే అయినా ఈ పిల్ల ఏనాడూ ఉలి పట్టింది లేదు. అందుకే లేత్ వచ్చిన మొదటి వారమంతా ఎంత అవస్థ! మొగుడి పాత డ్యూటీ చొక్కా చేతులు కత్తిరించి తొడుక్కుని, జడ బిగించి ముడేసుకుని నిలబడేది. ఉలి కర్రలో చిక్కుకుని ఠక్కున ఎగిరేది. పక్కనున్న గతౌరా నుంచి తెచ్చిన దూధీ కర్ర చీలికలై రాలేది. "నాన్న దగ్గర ఇదే కర్రని అంకుడు అంటారత్తా, వెన్నలా తెగుతుంది. నా చేతికే రావడం లేదు!" అని విసుక్కునేది. ఆ విసుగు చూసి చిన్నతల్లి మురిసిపోయేది. విసుక్కుంటోందంటే మనిషి వెనక్కి వచ్చినట్టే కదా!

ఒక్క సింహాచలమే మొదటినుంచీ ముభావంగా ఉన్నాడు. రైల్వే షెడ్డులో ముప్పై నాలుగేళ్లు లేత్ మీద ఇనుము తిప్పిన టర్నరు. వియ్యంకుడంటే ఆయనకి చిన్నచూపు. "కర్ర తిప్పడం కూడా ఒక పనేటి? వేలుతో నొక్కితే సొట్టపడీ సరుకు!" అని పెళ్లినాడే అన్నాడు. ఆ మాట అప్పలకొండ చెవిన పడింది. ఈ ఏడేళ్లలో ఆ ఇద్దరూ ఫోన్లో కూడా పలకరించుకోలేదు.

అయినా మొన్న, పనిముట్లకి చేసే విశ్వకర్మ పూజనాడు ఆయన మనసు కరిగింది. షెడ్డులో పూజ చూసుకుని ప్రసాదంతో ఇంటికొచ్చి, ఈ లేత్‌కి కూడా తనే పసుపు రాసి, బొట్టు పెట్టి, హారతిచ్చాడు. తర్వాత సంచిలోంచి పిడి బిగించిన ఒక ఉలి తీసి కోడలి చేతిలో పెట్టాడు. "నా చేత్తో సానపట్టినాను తల్లీ. దీంతో చెయ్యి." పెద్దవాళ్లు ఆ రోజు చేతిలో పెట్టిన పనిముట్టుతోనే మర్నాడు మొదటి పని చేయాలని ఆ షెడ్డు వాళ్ల పట్టింపు. కోడలు ఆయన కాళ్లకి దణ్ణం పెట్టింది. అది చూసి చిన్నతల్లి కొంగుతో కళ్లొత్తుకుంది. ఆ ఉలే నిన్న విరిగి ఎగిరింది!

"నా చేతిలోనే తప్పుంది మావయ్యా. స్పీడు ఎక్కువ పెట్టేశాను" అని రక్తం కారుతుండగానే చెప్పింది పిల్ల.

రాంప్రసాద్ వచ్చేలోగా వరండా ఊడుద్దామని చిన్నతల్లి చీపురు పట్టుకుంది. పొట్టు కుప్పచేస్తుంటే గోడ మూలన తళుక్కుమంది విరిగిన ముక్క. వేలెడు పొడవు. పారేయబోయి ఆగింది. విరిగిన చోట పటికబెల్లం పలుకులా గరుగ్గా మెరుస్తోంది. ఒక పక్క, సానకి అందని చోట, సన్నసన్నటి అడ్డగీతలు...

ఆకురాయి!

ఆ గీతలు ఆమె ఎరగనివా? రైల్వే ఇళ్లలో, ఇనుము అరగదీసి అరగదీసి తనే అరిగిపోయిన ఆకురాయిని ఎవరు పారేస్తారు? మొగుళ్లు సానపట్టి తెస్తే, కూరగాయల కత్తులన్నీ అవే. ఎంత కోసినా పదును పోదు. కానీ చేయి జారి గచ్చు మీద పడిందా, గాజుముక్కలా రెండవుతుంది. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకటి అలాగే విరిగిపోతే, అత్తగారితో ఎన్ని మాటలు పడింది! ఆ ఇనుముకి పదునే గానీ ఓర్పు లేదు. అలాంటిది గిర్రున తిరిగే కర్రకి ఎదురుగా పెడితే, ఎంత చేయి తిరిగినవాడు పట్టుకున్నా ఏదో ఒక రోజు విరగక మానదు.

చిన్నతల్లి ముక్కని గుప్పిట బిగించి గదిలోకి వచ్చింది. తలుపు దగ్గరకి వేసింది.

"ఏటే ఇది?"

జ్యోతిర్మయి చూసింది. మొహం పాలిపోయింది.

"పారేయత్తా."

"ఆకురాయి అని నీకు తెలుసా, తెలీదా? నా మొహం చూసి చెప్పు!"

జ్యోతిర్మయి కన్నీళ్లు కట్టు కిందనుంచి జారాయి. "తెలుసత్తా... పట్టుకోగానే తెలిసింది. ఆకురాయి ఉలి కనబడితే మా నాన్న బావిలో పారేయిస్తాడు."

"మరి ఎందుకు పట్టుకున్నావే, పిచ్చి ముండా!"

"ఎలా వద్దనను? మావయ్య జీవితంలో మొదటిసారి నా పనికి బొట్టు పెట్టారు. తల్లీ అన్నారు. షెడ్డు షెడ్డంతా ఉస్తాద్ అనే మనిషితో, మీకు ఇది తెలీదు అని నేనెలా అంటాను? మెల్లిగా రెండుసార్లు తాకించి పక్కన పెట్టేద్దాం అనుకున్నాను. ఆయన నిలబడి చూస్తున్నారు... సంతోషంగా చూస్తున్నారత్తా! ఆపలేకపోయాను."

"ఇప్పుడు మిషను పోతాది. తెలుసా?"

"పోనీ. మావయ్యకి మాత్రం చెప్పకత్తా. ఆయన తట్టుకోలేరు. నేను... నేను ఎలాగో ఉంటాను." అత్త చేయి పట్టుకుంది. "అచ్ఛా?"

మళ్లీ ఆ మాట! నలభై ఏళ్లుగా ఈ ఇంట్లో మగవాడి మాట కింద పడకుండా కాచుకొస్తోంది చిన్నతల్లి. ఆ విద్య ఎవరికీ నేర్పలేదు. అయినా ఈ పిల్ల నేర్చేసుకుంది! కంటిని పణంగా పెట్టి మరీ నేర్చుకుంది! దాచితే మొగుడి పరువు దక్కుతుంది, పిల్ల పోతుంది. చెబితే పిల్ల దక్కుతుంది, మొగుడు ఏమవుతాడో తెలీదు. రెండూ మిగిలే దారి ఎంత వెతికినా కనబడలేదు. ఏదో ఒకటి వదులుకోవాల్సిందే.

బయట చిన్న లారీ ఆగింది. "అమ్మాజీ! గాడీ ఆ గయీ!" రాంప్రసాద్ గొంతు.

"లోపలికొచ్చి తీసుకెళ్లండి, వెనక ఉన్నాది!" అంటూ సింహాచలం అరుగు మీంచి లేచాడు. చిన్నతల్లి గబగబా వచ్చి ఆయనకి అడ్డంగా నిలబడింది.

"ఆగండి. మిషను ఎక్కడికీ పోదు."

"నీకు మతిపోయిందేటి? ఆ పిల్ల కన్ను పోయీదే!"

"పోయీదే. తప్పు మిషనుది కాదు. పిల్ల చేతిదీ కాదు." గొంతు తగ్గించి, ఆయన అరచేతిలో ముక్క పెట్టింది. "మీరే చూడండి."

"ఇనుము గురించి నాకు చెప్తావేటే నువ్వు?" అని కసిరాడే గానీ, ఆ చేతికి అలవాటైన పనిని ఆ చేయి చేసేసింది. బొటనవేలు విరిగిన అంచు మీద ఒకసారి నడిచింది. మళ్లీ నడిచింది. ముక్కని వెలుతురుకి ఎత్తి చూశాడు. మొహంలో రక్తం ఇగిరిపోయింది. అరుగు మీద కూలబడ్డాడు.

"షెడ్డులో ఉలిని మిషను పట్టుకుంటాది..." తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు. "ఇక్కడ మనిషి కదేటి పట్టుకునీది... ఆ సంగతి తట్టలేదు నాకు. పదునే చూసినాను."

ముక్కని అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు.

"ఆ పిల్లకి తెలుసా?"

"తెలుసు."

"తెలిసే పట్టుకుందా!"

"మీరిచ్చినారని పట్టుకుంది. మీకు చెప్పొద్దని ఇప్పుడే నా దగ్గర ఏడ్చింది."

సింహాచలం రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. పెళ్లయ్యాక ఆయన ఏడవడం ఆమె చూడడం అదే మొదలు. చెప్పి తప్పు చేశానా అని ఒక్క క్షణం ఆమె ప్రాణం కొట్టుకుంది. వాకిట్లో రాంప్రసాద్ తీసుకెళ్లాలో వద్దో అర్థంకాక తాడు పట్టుకుని నిలబడ్డాడు. "భాయీసాబ్, లే జావూఁ యా నహీఁ?"

సింహాచలం కండువాతో మొహం తుడుచుకుని లేచాడు. "నహీఁ భాయ్. మషీన్ నహీఁ జాయేగీ. బేకార్ మే తక్లీఫ్ దియా... చాయ్ పీకే జానా." మిషను పోదని, ఊరికే శ్రమ పెట్టానని, టీ తాగి వెళ్లమని అతనికి చెప్పి, గది గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాడు. లోపలికి అడుగు పడలేదు.

"అమ్మా... మీ నాన్నకి ఫోను కలుపు."

జ్యోతిర్మయి అదిరిపడింది. అత్తగారి వైపు చూసింది. చిన్నతల్లి కళ్లతోనే కలపమంది. జ్యోతిర్మయి నంబరు నొక్కి ఫోన్ ఆయన చేతికిచ్చింది.

"బావగారూ... నేను, సింహాచలాన్ని. బిలాస్‌పూర్ నుంచి."

అవతలినుంచి కంగారు పడ్డ గొంతు, బయటికి కూడా వినిపించేంత గట్టిగా, "ఏటి బావగారూ! అమ్మాయికి ఏటయింది?"

గాయం సంగతి అక్కడికి చేరలేదు. పిల్లే చెప్పొద్దంది. ఏమీ కాలేదనో, కొత్త చేయి కదా జారిందనో అంటే సరిపోయేది. ఆయన అలాగే అంటాడనుకుంది చిన్నతల్లి. నలభై ఏళ్లుగా ఆమె ఎరిగిన మనిషి అలాగే అనాలి!

"కనుబొమ్మ మీద దెబ్బ తగిలింది బావగారూ. కన్ను బాగున్నాది, భయం లేదు. ఉలి విరిగింది. ఆకురాయిది... అది నేనిచ్చినాను. అమ్మాయి తప్పు లేదు." ఆగాడు. "నాకు కర్ర పని తెలీదు బావగారూ. ఉలికి ఏ ఇనుము కావాలో, ఎలా సానపట్టాలో మీరు చెప్పాల. కుదిరితే... ఒక్కసారి వచ్చి, మా ఇంట్లో నాలుగు రోజులుండి, అమ్మాయికీ నాకూ చూపించాల."

"మావయ్యా!" అంటూ జ్యోతిర్మయి వెక్కుతూ వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూలిపోయింది. ఆయన ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, రెండో చేతిని కట్టుకి తగలకుండా ఆమె తల మీద పెట్టాడు. అవతలినుంచి అప్పలకొండ ఏదో చెబుతూనే ఉన్నాడు. రైళ్ల సంగతి అడుగుతున్నాడు. రేపే బయల్దేరతానంటున్నాడు.

చిన్నతల్లి అక్కడ నిలబడలేకపోయింది. వంటింట్లోకి వెళ్లి మాడిన పప్పు దించి, కొత్తగా పప్పు కడిగి పొయ్యి మీద పెట్టింది. నిన్నటినుంచి ఆ ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు. గ్లాసులో టీ పోసి రాంప్రసాద్‌కిచ్చి, "నువ్వూ తినేసి వెళ్లు తమ్ముడూ" అంది.

గుమ్మం దగ్గరనుంచి కోడలి గొంతు వినిపించింది. ఏడుస్తూనే, తండ్రి చెప్పిన దాన్ని మావగారికి విడమరిచి చెబుతోంది. ఆయన మధ్యమధ్య ఆపి అడుగుతున్నాడు. ఆమె అదే మాట మళ్లీ, ఇంకాస్త గట్టిగా, కొంచెం విసుగ్గా చెబుతోంది.

ఆ విసుగు వింటూ, చిన్నతల్లి బియ్యంలో ఇంకో గుప్పెడు పోసింది.