ఉప్పుతొట్టి పక్కన గుడారం

రండర్రా, దగ్గరికి జరగండి. ఆ చివర నిలబడ్డవాళ్లూ వచ్చి కూర్చోండి. నిలబడి వింటే కథ మోకాళ్లలోకి దిగుతుంది, కూర్చుని వింటేనే తలకెక్కుతుంది. భయమేస్తే పక్కవాడి చెయ్యి పట్టుకోండి, నేనేం నవ్వను. పిల్లల భయం చూసి నవ్వినవాడి గతి చెప్పడానికే ఈ కథ.

ఒక వీధి చివర మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ ఉంది. దాని పెరట్లో ఒక తొట్టి. తొట్టంటే మీ ఇంటి నీళ్ల తొట్టి కాదు. నేలలోకి దింపి కట్టిన సిమెంటు గొయ్యి, రెండు నిలువుల లోతు. ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో అందులో ఉప్పునీళ్లు నింపి, ఆ చల్లదనంతో మంచుదిమ్మలు గట్టిపరిచేవారు. తర్వాత నీళ్లు ఇంకిపోయాయి, ఉప్పు మిగిలింది. గోడల నిండా తెల్లగా, పొక్కులు పొక్కులుగా.

ఆ తొట్టికి చెడ్డపేరు.

ఫ్యాక్టరీ మూతపడ్డ కొత్తలో, తొట్టి అడుగున ఇంకా కాస్త ఉప్పునీళ్లున్నప్పుడు, అక్కడొక కాపలావాడుండేవాడు. ఒక రాత్రి కాలుజారి అందులో పడ్డాడు. "నేనూ... కాపలావాణ్ణీ... ఎవరైనా రండీ..." అని తెల్లవార్లూ అరిచాడు. వీధంతా విన్నది. "తాగి వాగుతున్నాడులే" అని ఒకరు, "పొద్దున చూద్దాంలే" అని ఇంకొకరు, అందరూ ముసుగుతన్ని పడుకున్నారు. పొద్దున నిజంగానే వెళ్లి చూశారు. చూడ్డానికి కాపలావాడు ఉన్నాడు. పలకడానికి లేడు. ఒంటి నిండా ఉప్పు ఆరి, పిండిబొమ్మలా ఉన్నాడట.

ఆ తర్వాత తొట్టి చుట్టూ నాలుగు ఇనుప పైపులు పాతి తాడు కట్టారు. అయినా అప్పుడప్పుడూ రాత్రిళ్లు అటునుంచి పిలుపు వినిపిస్తుందని వీధిలో చెప్పుకుంటారు. వినిపించిందంటే చాలు, టపటపా కిటికీలు మూసేస్తారు. ఇంతవరకూ పలికినవాడు లేడు.

ఇదంతా నాకెలా తెలిసిందంటే... ఒక ఏడాది మా బడికి ఒక పిల్లాడొచ్చాడు. హాజరు పిలిస్తే పలకడు. ఎదురుగా కూర్చుని ఉంటాడు, కళ్లు నా మీదే ఉంటాయి, నోరు మాత్రం తెరవడు. నెల్లాళ్లు చూసి వాళ్లమ్మకి కబురు పెట్టాను. ఆమె వచ్చి మా బడి మెట్ల మీద కూర్చుని చెప్పింది. చెప్పింది చెప్పినట్టు మీకు చెబుతున్నాను.

ఆమె ఆసుపత్రిలో ఆయా. రాత్రి డ్యూటీ. భర్త టార్పాలిన్లు కుట్టే దర్జీ. లారీల మీద పరదాలు, కొట్ల ముందు నీడపట్టాలు, అన్నీ అతని చేతి కుట్టే. పని మంచిది, నోరే దురద. ఎవర్నో ఒకర్ని ఏడిపించందే అతనికి ముద్ద దిగేది కాదు. ఇద్దరు పిల్లలు. ఆడపిల్లకి తొమ్మిదేళ్లు, అమ్మడు అంటారు. మగపిల్లాడికి అయిదేళ్లు, బుడ్డోడు; తర్వాత మా బడికొచ్చినవాడు వీడే. వాడికి చీకటంటే భయం. అందుకని దర్జీ వాణ్ణి "పిల్లికూన" అని పిలిచేవాడు, పదిమందిలో కూడా.

ఆ వేసవి సెలవుల్లో పక్కింటివాళ్లు కొండలకి వెళ్లి, గుడారంలో పడుకుని వచ్చి, వారం రోజులు అదే చెప్పారు. వీళ్ల పిల్లలు రెండు రోజులు అన్నం ముందు ముఖాలు ముడుచుకున్నారు. తల్లికి సెలవు దొరకదు. దర్జీకి వానలు రాకముందే పరదాలన్నీ అయిపోవాలి.

"కొండలదాకా ఎందుకర్రా? గుడారం ఎక్కడేస్తే అదే కొండ!" అన్నాడు దర్జీ.

మిగిలిన ముక్కలన్నీ కలిపి ఒక్క పూటలో గుడారం కుట్టాడు. దాని మూతికి రెండు వైపులా ఇత్తడి రింగులు కొట్టి, బూటుకి లేసు ఎక్కించినట్టు తాడు ఎక్కించాడు. లోపల ముడి వేస్తే బయటివాడు తియ్యలేడు. ఆ ముడి కూతురికి నేర్పాడు. ఇక చోటు కావాలి. వాళ్ల పెరటి గుమ్మం నుంచి వంద అడుగుల్లో ఐసు ఫ్యాక్టరీ పెరడు.

"అక్కడెందుకు? మేడ మీద వెయ్యరాదూ?" అంది భార్య.

"మేడ మీద వేస్తే గుడారం అనరే, బట్టలారేశారంటారు."

"సరే, బుడ్డోణ్ణి మాత్రం భయపెట్టకు. వాడసలే..."

"అసలే పిల్లికూన. ఒక్క రాత్రి నాకొదిలెయ్, పొద్దున్నకి పులిని చేసి ఇస్తా."

ఆమెకి డ్యూటీ వేళయింది. వెళ్లిపోయింది.

తీరా గుడారం నిలబెడదామంటే గుంజల్లేవు. దర్జీ చుట్టూ చూశాడు. తొట్టి చుట్టూ నాలుగు పైపులు... నిటారుగా, సరిగ్గా కావలసినంత ఎత్తు. తాడు విప్పి, నాలుగూ పెరికేశాడు.

"నాన్నా, మరి తొట్టి?" అంది అమ్మడు.

"పైపుల్లేవని తొట్టి లేచి పారిపోతుందటే? పొద్దున్నే మళ్లీ పాతేస్తాలే."

చీకటి పడింది. గుడారంలో చాప పరిచి, రొట్టె తిని, ఉడికించిన గుడ్లు తిని, టార్చి వెలుగులో ముగ్గురూ నీడల బొమ్మలాట ఆడారు. అంతవరకూ బాగానే ఉంది. పిల్లలు పగలబడి నవ్వారు కూడా. అప్పుడు దర్జీ టార్చి ఆర్పి, గొంతు తగ్గించి కాపలావాడి సంగతి చెప్పాడు. చెప్పి, చివర సొంతంగా ఒక ముక్క అతికించాడు.

"ఇక్కడి దెయ్యం వాడి గొంతుతో పిలవదర్రా... మనవాళ్ల గొంతుతో పిలుస్తుంది. నా గొంతుతోనే పిలవొచ్చు. ముడి విప్పారో... పలికారో... అంతే!"

ఈ మాట వీధిలో ఎవరూ అనలేదు. అది దర్జీ సొంత కుట్టు.

కాసేపాగి, "నీళ్లు తెస్తా, ముడి వేసుకోండి" అని బయటికి వెళ్లాడు. గుడారం చుట్టూ తిరిగాడు. గోళ్లతో గుడ్డ మీద గీశాడు... గర్... గర్... లోపల బుడ్డోడు అక్కని కరుచుకుపోయాడు.

"అమ్మడూ... నేనే, నాన్నని. ముడి తియ్యి."

ఆ పిల్ల తీసింది. నాన్న గొంతు కదా!

"మొద్దుమొహమా! ఇంతసేపూ చెప్పిందేంటి? నేను దెయ్యాన్నయితే ఈపాటికి నీ తమ్ముడు తొట్టిలో ఉండేవాడు."

తప్పు చేసింది అక్క. శిక్ష తమ్ముడికి. వాణ్ణి బయట నిలబెట్టి, గుడారం మూతి మూసి, "వంద లెక్కపెట్టు" అన్నాడు. వాడికి ఇరవై దాకానే వచ్చు. అయిదుసార్లు ఇరవై లెక్కపెట్టాడు. లోపలికొచ్చేసరికి నిక్కరు తడిసింది. దర్జీ అది చూసి చాప మీద దొర్లి దొర్లి నవ్వాడు.

"ఇంటికెళ్దాం నాన్నా..." అన్నాడు వాడు.

"ఇంకొక్క పరీక్ష. ఈసారి నేనెంత పిలిచినా పలక్కుండా, ముడి విప్పకుండా ఉంటే నెగ్గినట్టు. అప్పుడు ఇంటికే. ఓడితే తెల్లారేదాకా బయటే."

తెల్లగుడ్డ ముక్క ఒకటి తల మీద కప్పుకుని బయటికి నడిచాడు. టార్చి తీసుకోలేదు. దెయ్యానికి టార్చెందుకు? గుడారం వైపు తిరిగి, గుడ్డ ఆడిస్తూ, ఒక్కో అడుగూ వెనక్కి... వెనక్కి... వెనక్కి...

వెనక్కి వేసిన పాదం కింద నేల లేదు.

పడ్డప్పుడు కాలి ఎముక విరిగిన చప్పుడు అతనికే వినిపించిందట. ఎండుపుల్ల విరిచినట్టు.  మొదట కూతుర్నే పిలిచాడు.

"అమ్మడూ! తొట్టిలో పడ్డానే! కాలు విరిగింది! ఎవర్నైనా పిలువు తల్లీ!"

 తర్వాత గుడారంలోంచి సన్నగా...

"నాన్నా... నిజంగా నువ్వేనా?"

"నేనేనే!"

"ఇందాకా అదే అన్నావు కదా."

"ఇందాకా ఆటే! ఇది నిజమే! నీ మీద ఒట్టే!"

"దెయ్యం ఒట్టు వెయ్యదా?"

అంతలో బుడ్డోడి గొంతు. "అక్కా, పలక్కే... పలికితే ఇంటికి తీసుకెళ్లడు."

అంతే. ఆ తర్వాత గుడారం పలకలేదు.

నేను పంతులుగా ఇన్నేళ్లు పాఠాలు చెప్పాను. ఒక్క రాత్రిలో అంత బాగా వంటబట్టిన పాఠం ఇంకోటి చూళ్లేదు.

దర్జీ ఈసారి వీధిని పిలిచాడు. "నేనూ... దర్జీనీ... తొట్టిలో పడ్డానూ..." వీధి విన్నది. "మొదలైందిరా" అన్నారెవరో. టప్... టప్... టప్... కిటికీలు ఒక్కొక్కటీ మూసుకుంటున్న చప్పుడు కింద గోతిలో కూర్చుని లెక్కపెట్టాడట. పోయినేడాది ఇలాగే పిలుపు వినిపిస్తే కిటికీ మూసినవాళ్లలో తనూ ఒకడు.

అర్ధరాత్రి దాటింది. అరిచి అరిచి గొంతు కీచుమంటోంది. ఇంకోసారి "అమ్మడూ" అన్నాడు. అప్పుడు గుడారంలోంచి ఒక దగ్గు వినిపించింది.

పిల్లల దగ్గు కాదు. పెద్దవాడి దగ్గు.

ఇక అతను పిల్లల్ని రమ్మని పిలవలేదు. "ఎవడ్రా అది? నా పిల్లల్ని వదలరా..." అని గోడలు గీకాడు. గోళ్లు ఊడాయి. ఉప్పు రాలింది. పైకి ఒక్క జానెడు కూడా ఎక్కలేకపోయాడు.

పొద్దున ఆరింటికి తల్లి డ్యూటీ దిగి, తిన్నగా ఫ్యాక్టరీ పెరట్లోకే వచ్చింది. గుడారం మూతి లోపలినుంచి బిగించి ఉంది. పిలిచింది. పలుకు లేదు. అక్కడ పడి ఉన్న భర్త సంచిలోంచి కత్తెర తీసి తాడు తెగ్గొట్టింది.

పిల్లలిద్దరూ కూర్చుని ఉన్నారు. రెప్ప వెయ్యకుండా. ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత ఖాళీ. వాళ్ల బుగ్గల మీద, మూతుల మీద... తెల్లగా ఏదో ఆరిపోయి ఉంది.

"నాన్న ఏరే? ఎందుకు పలకలేదే?"

"నాన్న పలకొద్దన్నాడమ్మా."

"ఎప్పుడు?"

"రాత్రంతా. లోపలికొచ్చి మా మధ్య కూర్చున్నాడు. ఇద్దరి నోళ్లూ మూసి పట్టుకున్నాడు. చెయ్యి చల్లగా ఉంది. బయట పిలుస్తున్నది దెయ్యం అన్నాడు."

"లోపలికెలా వచ్చాడే? ముడి వేసింది నువ్వు కదా!"

ఆ పిల్ల కాస్త ఆలోచించింది. "తెలీదు. 'నేను పిలిచినప్పుడు ఎవరూ పలకలేదు, మీరూ పలకొద్దు' అన్నాడు. నాన్న పిలిస్తే మేము ఎప్పుడు పలకలేదమ్మా?"

అప్పుడే తొట్టిలోంచి, గాలి ఈలలా ఒక గొంతు... "అమ్మడూ..."

దర్జీ బతికాడు. కాలు వంకరగా అతుక్కుంది, గొంతు బొంగురుపోయింది. ఇంటికొచ్చిన మొదటిరోజు మంచం మీంచి కొడుకుని పిలిచాడు. పేరుతోనే పిలిచాడు, పిల్లికూన అనలేదు. బుడ్డోడు పలకలేదు. అక్క చెవిలో మెల్లగా అడిగాడు.

"అక్కా, ఇది ఏ నాన్న?"



ఇదంతా విని, ఆ తల్లికి నేను ధైర్యం చెప్పబోయాను. "పిల్లలు రాత్రంతా ఏడ్చి ఉంటారమ్మా. భయంతో ఒకళ్ల నోరొకళ్లు మూసుకుని ఉంటారు. కన్నీళ్లు ఆరితే మిగిలేదీ ఉప్పే కదా."

"నేనూ అలాగే అనుకున్నాను సారూ. నాలిక మీద వేసుకుని కూడా చూశాను, ఉప్పే." ఆమె తన అరచెయ్యి తెరిచి, దాన్నే చూస్తూ అంది. "కానీ కన్నీళ్లు అయిదు వేళ్లలా ఆరవు కదా. ఒక్కో వేలూ నా వేలికి రెండింతలుంది."

మర్నాటి నుంచి నేను ఆ పిల్లాడి పేరు పిలవడం మానేశాను. వాడి దగ్గరికి నడిచి వెళ్లి, భుజం మీద చెయ్యి వేసి, హాజరు వేసుకునేవాణ్ణి. మొదటిసారి వేసినప్పుడు వాడు నా చెయ్యి పట్టుకుని చూశాడు... వెచ్చగా ఉందా లేదా అని.

సరే, పొద్దుపోయింది. లేవండి, ఇళ్లకి పోయి వేడివేడిగా తినండి. అదిగో, ఎవరి అమ్మో పిలుస్తోంది...

విన్నారా? మళ్లీ పిలుస్తోంది.

ఏంరా... ఒక్కరూ పలకరేం?