పాట వెనక గొంతు

నవంబరు తొమ్మిది, ఆదివారం. మధ్యాహ్నం భోజనంలోకి ఉడికించిన బంగాళాదుంపలు, గుడ్ల కూర, రొట్టె. రొట్టె అడుగంతా మాడిపోయింది. పిన్ని చేతిలో రొట్టె మాడడం ఇరవై ఏళ్లలో అదే మొదటిసారి! అందుకే పిచ్చుకకు ఆ తేదీ అంత బాగా గుర్తుండిపోయింది.

పిచ్చుకంటే చిన్నపిల్లేం కాదు. ముప్ఫై ఒక్క ఏళ్ల మనిషి. కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని చేస్తుంది. అయినా పుట్టింట్లో ఇంకా పిచ్చుకే. కాపురం రెండు వీధుల అవతల. ప్రతి ఆదివారం ఐదేళ్ల కూతురు బుడంకాయను వెంటబెట్టుకుని నాన్న దగ్గరికి వస్తుంది. ఆ రోజు మాత్రం ఒక పని మీద వచ్చింది.

"నిన్న బుడంకాయ అడిగింది నాన్నా, ఫోటోలో ఉన్న అమ్మమ్మ ఎలా మాట్లాడేదీ అని. ఏం చెప్పాలో తెలియలేదు. ఆ క్యాసెట్ల పెట్టె తీసుకెళ్తాను."

వంటింట్లో గరిటె కింద పడింది. ఆ తర్వాతే మాడు వాసన వచ్చింది...

ఆ పెట్టె సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. పిచ్చుక చిన్నప్పుడు ఆదివారం ఉదయం టీవీలో ‘గొడుగు ఏనుగు’ అనే కార్టూన్ వచ్చేది. వానంటే భయపడే ఏనుగు ఒకటి, తన చెవంత కూడా లేని గొడుగు పట్టుకుని ఊరంతా తిరిగేది. దాని పాటలంటే పిచ్చుకకు ప్రాణం. వారమంతా వినాలని ఏడిస్తే, అమ్మ టేప్‌రికార్డర్ తెచ్చి టీవీకి ఆనించి రికార్డు చేసేది. "ఎవరూ నోరెత్తకండి!" అని అందరినీ కూర్చోబెట్టి, చివరికి తనే మాట్లాడేది. బొమ్మల పుస్తకాలు కూడా అలాగే చదివి రికార్డు చేసింది. మొత్తం పన్నెండు క్యాసెట్లు. పిచ్చుకకు ఎనిమిదేళ్లప్పుడు అమ్మ పోయింది. మరో మూడేళ్లకు నాన్న పిన్నిని పెళ్లి చేసుకున్నాడు. ఆ పెట్టె మూత మళ్లీ తీయడానికి పిచ్చుకకు ధైర్యం చాలలేదు. ఆ పన్నెండు క్యాసెట్లలో తప్ప అమ్మ గొంతు ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదు.

భోజనం అయ్యాక బీరువా మీదినుంచి పెట్టె దించింది. చేతికి తేలిగ్గా తగిలింది. మూత తీసింది. ఐదే ఉన్నాయి!

"పిన్నీ... మిగిలినవి ఏవి?"

పిన్ని గిన్నెలు తోముతూనే ఉంది. ఇటు తిరగలేదు.

"ఉంటాయిలేమ్మా. బీరువా సర్దినప్పుడు ఎక్కడో పెట్టి ఉంటాను."

"ఏడు క్యాసెట్లు ఎక్కడో పెట్టేశావా?"

"చూస్తాలే... రెండు వారాలు ఆగు."

రెండు వారాలా! ఇంట్లో పోయిన వస్తువు వెతకడానికి రెండు వారాలు ఎవరడుగుతారు? పిచ్చుక నాన్న వైపు చూసింది. రిటైరైన బస్సు డ్రైవరాయన. ఎదురుగా లారీ వచ్చినా చూపు తిప్పని మనిషి, ఇప్పుడు చూపు తిప్పుకున్నాడు.

"మీకు తెలుసా నాన్నా?"

"నాకేం తెలుసే? నా కళ్లజోడు ఎక్కడుందో నాకే తెలీదు."

"నెత్తిమీద ఉంది!"

బుడంకాయ పకపకా నవ్వింది. ఇంకెవరూ నవ్వలేదు.

వెళ్లబోతూ, బుడంకాయ గౌనుకు ఊడిన బొత్తం కుట్టడానికి పిన్ని కుట్టుబుట్టలో సూది వెతికింది పిచ్చుక. దారపు ఉండల అడుగున ఏదో గట్టిగా తగిలింది. క్యాసెట్ డబ్బా! దాని మీద అమ్మ చేతిరాత... ‘గొడుగు ఏనుగు – 1’. లోపల గోధుమరంగు టేపు ముక్కలు ముక్కలుగా ఉంది. డబ్బాను సంచిలో వేసుకుని కూతురి చేయి పట్టుకుని మెట్లు దిగింది.

కింది వాటా ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆవిడ ఎప్పుడూ గుమ్మంలోనే ఉంటుంది!

"మీ పిన్నికి ఈ మధ్య కొత్త స్నేహాలు కుదిరినట్టున్నాయే! మొన్న బుధవారం గడియారాల సందులో చూశా. మెట్ల మీది గదిలో ఒక మగమనిషితో తలలు ఆనించి కూర్చుంది. నాకెందుకులే తల్లీ..."

"మీకెందుకో నాకూ అర్థం కాలేదండీ," అని ముందుకు నడిచింది గానీ, ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

ఆ రాత్రి నిద్ర లేదు. ఇరవై ఏళ్లు తవ్వుకుంటూ కూర్చుంది. పిన్ని వచ్చాక గోడమీది అమ్మ ఫోటో హాల్లోంచి పడగ్గదికి మారింది. అమ్మ చీరలు దుప్పట్లయ్యాయి. బుడంకాయ పిన్నినే అమ్మమ్మా అంటుంది! ఒక్కొక్కటిగా అమ్మని ఇంట్లోంచి తుడిచేసింది... ఇప్పుడు చివరికి గొంతు కూడానా? ఫోటోకి అక్కడ ఎండ తగులుతోందని, రంగు పోతోందని పిన్నే లోపలికి మార్చిన సంగతి పిచ్చుకకు తెలుసు. ఆ దుప్పట్లు తనే అడిగి కుట్టించుకున్న సంగతీ తెలుసు. కానీ అనుమానం పట్టిన మనసు తనకి పనికొచ్చేదే గుర్తు పెట్టుకుంటుంది.

బుధవారం దుకాణంలో సెలవు పెట్టి, పిన్ని పనిచేసే బట్టల కొట్టుకు వెళ్లింది. పిన్ని అక్కడ ప్యాంట్ల అంచులు కుడుతుంది, కొలతలు సరిచేస్తుంది. కుర్చీ ఖాళీగా ఉంది.

"ఇప్పుడే వెళ్లిందమ్మా," అంది యజమానురాలు. "బుధవారాలు నాలుగింటికే వెళ్లిపోతుందిగా. మీ నాన్నగారిని మోకాళ్ల డాక్టరుకి చూపించాలట. పాపం, ఎలా ఉన్నాయి మోకాళ్లు?"

నాన్న మోకాళ్లకు ఏ రోగమూ లేదు! పొద్దునే ఫోన్‌లో, బుడంకాయను పార్కుకి తీసుకెళ్తానని చెప్పాడు.

గడియారాల సందు ఎంత ఇరుకంటే, ఎదురొచ్చిన సైకిలతను దిగి పక్కకు నిలబడి ఆమెకు దారిచ్చాడు. మూడో గుమ్మం పక్కన ఇనుప మెట్లు. పైన చిన్న బోర్డు: ‘రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేయబడును’. అద్దాల తలుపు. లోపల పిన్ని!

తలకు పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని ఉంది. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. చేతిలో పెన్సిలు, ఒళ్లో నోటుబుక్కు. పక్కన నెరిసిన జుట్టు మెకానిక్కు క్యాసెట్‌లో పెన్సిలు దూర్చి టేపును మెల్లగా వెనక్కి తిప్పుతున్నాడు.

తలుపు ధడాలున తెరుచుకుంది.

"ఏం చేస్తున్నావు పిన్నీ? మా అమ్మ క్యాసెట్లతో ఏం చేస్తున్నావు?" సంచిలోంచి డబ్బా తీసి బల్ల మీద కొట్టింది. "ఇదేంటి? దీన్ని ఎందుకు చంపేశావు? ఆవిడ పోయి ఇరవై మూడేళ్లయింది! ఇంకా నీకు అడ్డమేనా?"

పిన్ని హెడ్‌ఫోన్లు తీసింది. మెకానిక్కు లేచి ఫ్యాను ఆపాడు, ఒక గ్లాసు నీళ్లు తెచ్చి పిచ్చుక ముందు పెట్టాడు. అరిచే మనిషి ముందు నీళ్లు పెట్టడం కూడా ఒక మర్యాదే.

"తాగండమ్మా. ఆ తప్పు సగం నాది," అన్నాడు. "ఈ టేపులన్నీ బూజు పట్టాయి. కొన్నాళ్లాగితే ఏదీ మిగలదు. మనవరాలి పుట్టినరోజుకి పాటలు వినిపించాలని ఈవిడ మొదటి క్యాసెట్ తెచ్చారు. కంప్యూటర్‌లోకి ఎక్కించాను. పాట వెనక ఎవరో కూనిరాగాలు, గిన్నెల చప్పుళ్లు, మాటలు... ‘ఈ గోల తీసేయమంటారా?’ అన్నాను. తీసేయమన్నారు. శుభ్రంగా తీసేసి, మొదట ఎక్కించినదాని మీదే భద్రం చేశాను, అది చెరిగిపోయింది. అసలు టేపు ఆ ఒక్కసారే తిరిగింది. రెండోసారి పెడితే ముక్కలైపోయింది."

"గోలా..." అంది పిచ్చుక.

"నాకు తెలియదమ్మా!" పిన్ని బావురుమంది. "మీ అమ్మ గొంతు నేనెప్పుడైనా విన్నానా? ఎవరైనా వినిపించారా? పుస్తకాల క్యాసెట్లలోనే ఉంటుందనుకుని, ఇది పక్కింటి గోల అనుకున్నాను. పాట బాగా వినిపించాలి, పిల్ల సంతోషపడాలి అనే ఆలోచనే నాది... రెండో క్యాసెట్ పెట్టాక ఆ గొంతే ‘పిచ్చుకా, కాళ్లు తుడుచుకో’ అంది. అప్పుడు తెలిసింది ఏం చేశానో! నా చేతులతో నేనే..."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఏ మొహంతో చెప్పను? కనీసం మిగిలినవైనా పోకుండా చూసి, రెండు వారాల్లో ఈ పని అయ్యాక చెబుదామనుకున్నాను. ఆ ముక్కలు పారేయడానికి చేతులు రాలేదు. మీ నాన్నకి చెప్పి ఏడిస్తే, ‘పిచ్చుకకి నువ్వే చెప్పాలి, నేను చెప్పను’ అన్నారు."

మెకానిక్కు నోటుబుక్కును పిచ్చుక వైపు జరిపాడు. "ఎక్కడెక్కడ ఆవిడ గొంతు ఉందో రాసిస్తారు. అక్కడ నేను చేయి పెట్టను. నాలుగు నెలలుగా ప్రతి బుధవారం ఇదే పని."

పిన్ని గుండ్రటి చేతిరాత. ‘క్యాసెట్ 4, రెండో వైపు: ఏనుగు బురదలో పడ్డాక అక్క నవ్వింది. తీయొద్దు.’ ‘క్యాసెట్ 5: పుస్తకం చదువుతూ ఆవులించింది. తీయొద్దు.’ ‘క్యాసెట్ 6: అక్క, ఆయన కలిసి పాడారు. పాట మర్చిపోయి ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు. తీయొద్దు.’ ఆ చివరి వాక్యం దగ్గర కాగితం తడిసి ఆరిన మచ్చ ఉంది.

పిచ్చుక ఆ మచ్చనే చూస్తూ ఉండిపోయింది. నాన్న అంతసేపు నవ్వడం ఆమెకే సరిగా గుర్తులేదు. ఇరవై ఏళ్లు కాపురం చేసిన మనిషి, తనకెప్పుడూ దొరకని ఆ నవ్వును హెడ్‌ఫోన్లలో విని, దాన్ని తీసేయొద్దని రాసింది! ఒక్క గీత గీస్తే పోయేది. ఎవరికీ తెలిసేది కూడా కాదు...

"పిన్నీ..." అని దగ్గరికి వెళ్లి, ఆమె భుజం మీద తల వాల్చేసింది. ఇద్దరూ ఏడ్చారు. మెకానిక్కు అప్పుడే గుర్తొచ్చినట్టు, టీ తెస్తానని మెట్లు దిగి, చాలాసేపటి దాకా రాలేదు.

చీకటి పడే వేళకు ఇంటికి చేరారు. బుడంకాయ మంచం మీద చేరి, తాతయ్య కళ్లజోడు పెట్టుకుని ఆవులిస్తోంది. నాన్న ఇద్దరి ఎర్రబడ్డ కళ్లూ చూసి, స్టవ్ మీద పాలు పెట్టాడు.

కూతురి పక్కన కూర్చుని పిచ్చుక నెమ్మదిగా అడిగింది. "పిన్నీ, ఆ మొదటి క్యాసెట్... అది పోయింది, సరే. చివరగా విన్నది నువ్వే. అందులో అమ్మ ఏం చేస్తోంది?"

పిన్ని మంచం అంచున కూర్చుంది.

"మాటలేం లేవమ్మా. పాటతో పాటు కూనిరాగం తీసింది. నాకు బాగా రాదు..."

"ఎలా వస్తే అలా."

పిన్ని గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. ఏనుగు పాట. రెండో చరణంలో అసలు పాట కిందికి దిగుతుంది. పిన్ని రాగం మాత్రం తప్పుగా, వంకరగా పైకెళ్లి, అక్కడ ఊపిరి చాలక ఆగి, చిన్నగా దగ్గి, మళ్లీ అందుకుంది.

పిచ్చుక చప్పున తలెత్తి చూసింది. ఆ తప్పు అమ్మది! ఆ దగ్గు అమ్మది! ఇన్నేళ్లూ తనకే గుర్తులేని తప్పు అది. వంటింటి గుమ్మంలో నాన్న పాలగిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"మళ్లీ పాడు అమ్మమ్మా," అంది బుడంకాయ కళ్లు మూస్తూ.

"పాడు అమ్మా..." అంది పిచ్చుక. ఆ పిలుపు తన నోట్లోంచే వచ్చిందని ఆమెకు కాసేపటికి గానీ తెలియలేదు. పిన్ని విన్నదో లేదో, తలెత్తలేదు. గొంతు మాత్రం ఒక్క క్షణం తడబడి, మళ్లీ నిలదొక్కుకుంది.

మూడోసారికి పాప నిద్రపోయింది. పిచ్చుక కూడా కూతురి మీద చేయి వేసి ఆ పక్కనే వాలిపోయింది. పిన్ని ఇద్దరికీ దుప్పటి కప్పింది, పాప మొహం మీంచి కళ్లజోడు తీసి మడిచింది, లైటు ఆర్పింది. పాట ఇంకా పెదవుల మీద ఉండగానే బయటికొచ్చి, చప్పుడు కాకుండా తలుపు మూసింది.