లోపలి నుంచి చెప్పిన పాస్‌వర్డ్

మా పిన్ని పశువుల డాక్టరు. కుక్కలకీ పిల్లులకీ ఆవిడ చెయ్యి మంచిది. మనుషుల దగ్గరే నోరు కాస్త ఎక్కువ. క్లినిక్‌లో ఆవిడకి సాయంగా ఉండేది నేనొక్కదాన్నే కాబట్టి ఆ నోరంతా నా మీదే.

ఆ రోజు పొద్దుటి నుంచీ ఒకటే వాన. మధ్యాహ్నమే లైట్లు వెయ్యాల్సి వచ్చింది. పేషెంట్లు లేరు. ముందు గదిలో స్పిరిట్ వాసన, దాని కింద తడిసిన బొచ్చు వాసన. నేను కంప్యూటర్ ముందు తల పట్టుకుని కూర్చున్నాను.

అంతకుముందు వారం ఎవడో నెట్‌లో మా క్లినిక్ పేజీలో దూరి చెత్త బొమ్మలు పెట్టాడు. దూరడం పెద్ద విద్యేం కాదు. పాస్‌వర్డులన్నీ చీటీల మీద రాసి కంప్యూటర్ చుట్టూ అంటించి ఉండేవి. "పాస్‌వర్డ్ మేనేజరని ఏదో ఉందట. అన్నీ అందులో దాచేసి ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలట. సాయంత్రానికల్లా పెట్టెయ్" అని హుకుం జారీ చేసి, పిన్ని ఆపరేషన్ గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

ఆ ఒక్కటి పెట్టడమే గగనమైపోయింది. ఏది కొట్టినా "బలహీనంగా ఉంది" అంటుంది. పొంతన లేని మాటలు నాలుగైదు కలపమని సలహా ఒకటి. మరిచిపోతే మేం కూడా తెరవలేమని కింద బెదిరింపు ఒకటి. నాకు ఒళ్లు మండిపోయింది.

"పిన్నీ! నువ్వే ఏదో ఒకటి చెప్పు. నా బుర్ర పనిచెయ్యట్లేదు!" అని అరిచాను.

కాసేపు వాన చప్పుడే. తరవాత తలుపు వెనక నుంచి పిన్ని గొంతు వినిపించింది.

"తడి..."

టైపు చేశాను.

"గవ్వ... మెట్టు... నిద్ర..."

"చాలా?"

"ఇంకొకటి. నీ పేరు."

అదీ కొట్టాను. తెర మీద పచ్చ గీత వచ్చింది. హమ్మయ్య అనుకున్నానే గానీ, పిన్ని అంత నెమ్మదిగా, విసుక్కోకుండా మాట్లాడటం పుట్టి బుద్ధెరిగాక వినలేదని అప్పుడు తట్టలేదు.

ఇక చకచకా అన్నీ ఎక్కించాను. మందుల బీరువా నంబరు కూడా. ముందు గది మూల మత్తుమందులు, మూర్ఛ మందులు ఉండే ఇనప బీరువా అది. అంకెలు నొక్కితేనే తెరుచుకుంటుంది. ఎవరూ ఊహించలేని పొడుగాటి నంబరు ఆ మేనేజరే తయారుచేస్తే, బీరువాకి అదే పెట్టేశాను. ఒక్క అంకైనా గుర్తులేదు. గుర్తుండక్కర్లేదుగా! చీటీలన్నీ చింపి బుట్టలో పడేశాను.

అప్పుడు వీధి తలుపు తెరుచుకుంది. గొడుగు మడుస్తూ, నిలువునా తడిసిపోయి... పిన్ని.

"ఫోనెందుకు ఎత్తవే? కుట్లు వేసే దారం అయిపోతే ఆపరేషన్ గది వెనక తలుపు తీసుకుని షాపుకి వెళ్లాను. పోనీ ఇంకేమన్నా కావాలేమో అడుగుదామంటే..."

"ఎప్పుడు వెళ్లావ్?"

"నువ్వు దాంతో కుస్తీ మొదలెట్టినప్పుడే."

"మరి... లోపల ఎవరున్నారు?"

"ఎవరుంటారే? వెనక తాళంచెవి ఇదిగో, నా చేతిలో ఉంటేనూ!"

నేను నోరు తెరిచేలోపే వీధి చివర టైలరు తన కుక్కని ఎత్తుకుని పరుగెత్తుకొచ్చాడు. దాని కాళ్లు కొట్టుకుంటున్నాయి. నోట్లో నురగ.

"ఎలకల మందు తినేసింది డాక్టరమ్మా!"

"బీరువా తియ్యి," అంది పిన్ని, కుక్కని బల్ల మీద అదిమి పట్టుకుంటూ.

నంబరు కోసం మేనేజర్ తెరవబోయాను. తప్పు అంది. ఒక్కో అక్షరం చూసుకుంటూ మళ్లీ కొట్టాను. తప్పు. కింద చిన్న అక్షరాలు... ఈ పాస్‌వర్డ్ కాసేపటి క్రితం మార్చారు.

"ఎవరు మార్చారే? ఒక్క పని, ఒక్కటంటే ఒక్క పని చెప్తే..."

"నువ్వు చెప్పిందే పెట్టాను పిన్నీ! కాదు... నువ్వు కాదు..."

"నీ మొహం! సరిగ్గా ఏడువు!"

తలుపు వెనక నుంచి, మెల్లగా...

"నేను చెప్తాను."

పిన్ని గొంతే. పిన్ని నా పక్కనే ఉంది. పెదాలు బిగించి ఉంది.

టైలరు పిన్నిని చూశాడు. తలుపుని చూశాడు. "లోపల మీ చెల్లెలా అమ్మా?" అన్నాడు గుసగుసగా.

లోపలి నుంచే జవాబొచ్చింది.

"తలుపు తియ్యి... చెవిలో చెప్తాను."

బల్ల మీద కుక్క గోళ్లు గీరుకుంటున్నాయి. చచ్చిపోతోంది. ఆ నంబరొక్కటి ఉంటే చాలు... నేనెప్పుడు లేచానో తెలీదు. ఆ తలుపు గడియ మీద నా చెయ్యి ఉంది. ఇనుము మంచులా ఉంది.

జడ పట్టుకుని ఎవరో వెనక్కి ఈడ్చారు.

"కుక్క చచ్చినా సరే. అది తియ్యకు," అంది పిన్ని. ఆవిడ అంత చిన్న గొంతుతో మాట్లాడటం అదే మొదటిసారి.

కుక్కని టైలరుకే వదిలేసి, సెలైన్ స్టాండు లాక్కుని దాని కొస బీరువా సందులో దూర్చింది. ఇద్దరం మా బరువంతా వేశాం. పిన్ని తిడుతూనే ఉంది... బీరువాని, కంప్యూటర్ని, నన్ను. లోపలి గొంతు మాత్రం తొందర లేకుండా మొదలుపెట్టింది.

"తడి... గవ్వ... మెట్టు..."

బీరువా తలుపు వంగి ఊడింది. పిన్ని సూది వేసింది. కుక్క కాళ్లు మెల్లగా ఆగాయి. ఊపిరి తిన్నగా పడింది. అప్పుడు గొంతు కూడా ఆగింది.

మర్నాడు ఎండలో ఆ గది తీశాం. ఏమీ లేదు. సామాన్లు సర్దినవి సర్దినట్టే ఉన్నాయి. పిన్ని పాతవన్నీ తుడిచేయించి, మేనేజర్ మళ్లీ మొదటి నుంచి పెట్టింది. ఈసారి ఆ ఒక్క పాస్‌వర్డూ తనే ఆలోచించుకుంది. నాలుగు మాటలని మాత్రం చెప్పింది. అవేమిటో పైకి అనలేదు. ఎక్కడా రాయలేదు. నన్ను అటు తిరగమని మరీ టైపు చేసుకుంది.

నిన్న పొద్దున మా ఇంట్లో తల దువ్వుకుంటున్నాను. స్నానాల గది తలుపు వేసి ఉంది. లోపల ఎవరూ లేరు. అక్కడి నుంచి పిన్ని గొంతు రెండు మాటలు చెప్పింది. ఆగింది. మళ్లీ అవే రెండు. ఆగింది...

దువ్వెన అక్కడే పడేసి క్లినిక్‌కి పరుగెత్తాను. పిన్ని చెవిలో ఆ రెండు మాటలూ చెప్పానో లేదో, చటుక్కున నా నోరు మూసేసింది.

"మిగతాది చెప్పకు."

ఆవిడ చెయ్యి తప్పించాను. "నాకు తెలీదు పిన్నీ. అంతవరకే చెప్పి ఆగుతోంది."



"మిగతా రెండూ," అంది పిన్ని, "మా ఇంట్లో చెబుతోందే."

ఏ గదిలోంచని నేను అడగలేదు.